చుక్క ఏది మామయ్యా?

కొన్ని అభిప్రాయాలు మనం ఎప్పుడో ఇరవై ఏళ్ళ క్రితం కంపైల్ చేసి పెట్టుకుంటాం. మళ్ళీ సోర్సు తెరిచి చూసే పాపాన పోం. నాకు అలాంటిది ఒకటుంది: "టోహో ఆటల్లో ఆరోదే అసలైనది, మొదలెడితే దానితోనే మొదలెట్టాలి". ఈ ముక్క ఇప్పటిదాకా ఓ పదిమందికి చెప్పుంటాను. మొన్న వేసవిలో పదకొండోవాడికి చెప్పి దొరికిపోయాను.

తెలియనివాళ్ళకి రెండు మాటలు. టోహో అనేది జపాన్‌లో జున్‌యా ఓటా అనే ఒక్క మనిషి ప్రోగ్రామింగూ, బొమ్మలూ, సంగీతమూ అన్నీ తానే చూసుకుంటూ నడిపిస్తున్న షూటింగ్ ఆటల వరస. పేరుకి షూటింగే గానీ ఇందులో కాల్చడం కంటే తప్పించుకోవడమే ఎక్కువ. తెర నిండా తూటాలు చుక్కల ముగ్గు పెట్టినట్టు విచ్చుకుంటూ మీదికొస్తుంటే, మధ్యలో సందు చూసుకుని దూరిపోవాలి. మొదటి ఐదు భాగాలూ 1990ల చివర్లో పీసీ-98 అనే జపాన్ కంప్యూటర్ల మీద వచ్చాయి. ఆరోది, 'ఎంబాడిమెంట్ ఆఫ్ స్కార్లెట్ డెవిల్', 2002 ఆగస్టులో కామికెట్ అనే సంతలో అమ్మకానికి వచ్చింది. విండోస్ మీదికి వచ్చిన మొదటి భాగం అదే. అందుకే బయటి ప్రపంచానికి టోహో అంటే అక్కడ మొదలు.

నాకు మొదలైంది 2006లో, మియాపూర్‌లో నలుగురం కలిసుండే ఫ్లాట్లో, అందరం తలా ఇంత వేసుకుని కొన్న అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మీద. ఐదో స్టేజిలో సకుయా అని ఒక పనిమనిషి ఉంటుంది. కాలాన్ని ఆపేసి కత్తులు విసురుతుంది. ఆవిడ చేతిలో నేను దాదాపు మూడు నెలలు చచ్చాను. చివరికి ఒక శనివారం అర్ధరాత్రి నార్మల్‌లో, కంటిన్యూలు వాడకుండా ఆట పూర్తి చేస్తే ఎక్స్‌ట్రా స్టేజి తెరుచుకుంది. అబ్బో, ఆ రోజు ఆనందం ఏ అప్రైజల్ లెటర్‌కీ రాలేదు. అప్పట్నుంచీ ఆరో భాగం నా దృష్టిలో గుళ్ళో దేవుడు. ఏడు, ఎనిమిది కూడా తర్వాత చాలా ఆడాను. అయినా ఎవరడిగినా "అవన్నీ తేలికైపోయాయి బాబూ" అనేవాణ్ణి.

ఇక మొన్నటి వేసవి. మా మేనల్లుడు, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, "మామయ్యా, టోహో ఏ భాగంతో మొదలెట్టమంటావ్?" అన్నాడు. ఇంకేముంది, ఆరు. వాడి కొత్త గేమింగ్ లాప్‌టాప్ తెర 144 హెర్ట్జ్‌ది. ఆట లెక్కంతా సెకనుకి 60 ఫ్రేములని నమ్ముకుని రాసింది. ఫలితం, తూటాలు సూపర్‌ఫాస్ట్ రైల్లా వచ్చాయి. నవ్వుకుని తెరని 60కి దింపి, పక్కన కూర్చున్నా.

రెండో స్టేజిలోనే వాడు వరసగా చచ్చిపోతున్నాడు. నేను పెద్దరికంగా, "ఒరే, షిఫ్ట్ నొక్కి పట్టుకో. నెమ్మదిగా కదులుతావ్. బొమ్మ మధ్యలో చిన్న చుక్క కనిపిస్తుంది, తూటా దానికి తగిల్తేనే చావు. మిగతా ఒళ్ళంతా ఉత్తదే" అన్నాను.

వాడు షిఫ్ట్ నొక్కాడు. తెర దగ్గరికి వంగి చూశాడు.

"ఏ చుక్క మామయ్యా?"

నేనూ వంగి చూశాను. లేదు. సెట్టింగుల్లో వెతికాను. అక్కడా లేదు. అసలు ఆరో భాగంలో చుక్క లేనే లేదు! అది 2003లో వచ్చిన ఏడో భాగంలోది. శత్రువు తెర పైభాగంలో ఎక్కడుందో అడుగున చూపించే గుర్తూ అంతే, ఏడులో వచ్చింది. ఒకసారి చూసిన స్పెల్ కార్డుని విడిగా తీసుకుని సాధన చేసుకునే సదుపాయం ఎనిమిదిలో, అంటే 2004లో వచ్చింది. ఇరవై ఏళ్ళుగా నేను పొగుడుతున్న ఆరో భాగం నా బుర్రలో తప్ప ఎక్కడా లేదన్నమాట. తర్వాతి భాగాల ప్యాచులన్నీ నా జ్ఞాపకమే దానికి వేసేసుకుంది.

వాడు ఈజీలో ఐదో స్టేజి దాకా ఎలాగో లాక్కొచ్చాడు. అక్కడితో ఆట ఆగిపోయి, ఇంకా కష్టమైన మోడ్‌లో రమ్మంది. వాడు లాప్‌టాప్ మూసేసి, "ఇంత కష్టపడితే ఇదా?" అని లేచి వెళ్ళిపోయాడు. "మేమూ అలాగే నేర్చుకున్నాం రా" అన్నాను వెనకనుంచి.

ఆ రాత్రి ఒక్కణ్ణే కూర్చుని మళ్ళీ ఆడాను, ఈసారి రివ్యూ చేసేవాడిలా. నిజాయితీగా చెప్పాలంటే, దీని పేరులో సగం ఆటది కాదు. రక్తపిశాచి అక్కచెల్లెళ్ళు, ఆ పనిమనిషి, చెల్లెలు ఫ్లాండ్రే వచ్చినప్పటి పాట... వీటి మీద అభిమానులు అల్లిన బొమ్మలూ, రీమిక్సులదే ఆ సగం. ఓటా అభిమానుల సొంత సృష్టికి తలుపులు బార్లా తీసి పెట్టాడు కాబట్టి అవి అన్ని పుట్టాయి. 'బ్యాడ్ యాపిల్' సంగతే చూడండి. డిస్‌ప్లే ఉన్న ప్రతి వస్తువు మీదా మన ప్రోగ్రామర్లు ఆడించే ఆ నీడబొమ్మల వీడియో 2009ది, దానికి వాడిన పాట 2007 నాటి రీమిక్సు, అసలు బాణీ 1998లో వచ్చిన నాలుగో భాగంలోది. ఆ వీడియో చూసినవాళ్ళలో నాలుగో భాగం ఆడినవాళ్ళు ఎంతమంది?

మరి ఆరోదాని సొంత ఘనత ఏమీ లేదా అంటే, ఉంది. స్పెల్ కార్డ్ ఇందులోనే పుట్టింది. ప్రతి పెద్ద దాడికీ ఒక పేరు, ఒక గడియారం, చావకుండా బాంబు వాడకుండా దాటితే బోనసు. ఏ కార్డుని ఎన్నిసార్లు ఎదుర్కొన్నావో, ఎన్నిసార్లు గెలిచావో లెక్క కూడా రాసిపెడుతుంది. "ఏదో తగిలి పోయాను" అనేవాడు "ఫలానా దాంట్లో పోయాను" అనగలిగాడు. పేరు దొరికితే బగ్ సగం దొరికినట్టేనని మనకి వేరే చెప్పాలా? ఇది నిజంగా గొప్ప ఆలోచన. చుక్క కనబడకపోవడం మాత్రం ఆలోచన కాదు, కొరత. చేసినవాడు తర్వాతి భాగంలోనే దిద్దుకున్నాడు. భక్తులమే దిద్దుకోలేదు, పైగా ఆ కొరతకే "అసలు సిసలు కష్టం" అని పేరు పెట్టాం.

ఇక్కడ ఒక పాత విషయం ముల్లులా గుచ్చుకుంది. కొన్నేళ్ళ క్రితం మా టీములో కొత్తగా చేరిన ఒకమ్మాయి బిల్డ్ ఎందుకు ఫెయిలవుతోందని అడిగింది. ఒక్క ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టాలి. నాకు తెలుసు. ఎక్కడా రాసి లేదు. "కోడ్ చదువు, తెలుస్తుంది. మేమూ అలాగే నేర్చుకున్నాం" అన్నాను, అచ్చం ఇవే మాటలు. నాలుగు రోజులు పట్టింది ఆ అమ్మాయికి. ఆర్నెల్లకి వేరే టీముకి మారిపోయింది. కారణం నేనేనని అనను, కాదని కూడా అనలేను. ఆ నాలుగు రోజుల్లో ఆ అమ్మాయి నేర్చుకున్నదేమిటో మాత్రం ఇవాళ ఆలోచిస్తే తెలుస్తోంది: నన్ను ఏదీ అడగకూడదని.

మర్నాడు మేనల్లుడికి ఫోన్ చేసి, "తప్పు చెప్పాన్రా, ఎనిమిదితో మొదలెట్టు" అన్నాను. వాడు అందులో పడిపోయాడు. రెండు నెలల తర్వాత తనంతట తనే ఆరుకి వెళ్ళి సకుయాని దాటాడట. "చుక్క లేకపోయినా ఎక్కడుందో తెలిసిపోతోంది మామయ్యా" అన్నాడు. ముందు ఒకసారి చూశాడు కాబట్టి తెలిసింది. నాకైతే ఎవరూ చూపించలేదు, మూడు నెలలు పోయాయి, వాటినే పతకంలా తగిలించుకు తిరిగాను.

ఆ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మాత్రం సోమవారం వెళ్ళగానే టీము వికీలో రాసేశాను. ఒకే ఒక్క లైను.