బాతుల వేటయు సీసపు గుళ్ళును

గత శీతకాలమున, అమెరికాలో స్థిరపడియున్న మా మేనల్లుడు మాకొక జాబు వ్రాసెను. ఆతడు స్నేహితులతో గూడి నీటిపక్షుల వేటకు పోవ నిశ్చయించుకొని, అనుమతిపత్రమును పొంది, తుపాకిని కొని, తూటాల యంగడిలో మాత్రము దిక్కుతోచక నిలిచెనట. "మామయ్యగారూ! పెట్టెలమీద 2, 4, 6 అనియు, బి.బి. అనియు వ్రాసియున్నది. చిన్నతనమున మీరు తాతగారి వెంట కొల్లేటికి వేటకు వెళ్ళెడివారని అమ్మ చెప్పుచుండును. బాతునకు ఏ నెంబరు? పెద్దబాతునకు ఏ నెంబరు? దయచేసి తెలుపగోరెదను" అని యాతని ప్రశ్న.

రెండు వాక్యములలో ముగియవలసిన ప్రత్యుత్తరమునకు మాకు మూడు దినములు పట్టెను. ఏలయన, ఆ ప్రశ్నకే మేమొకప్పుడు తప్పు సమాధానము చెప్పియుంటిమి. దాని ఫలమును మేము గాక మఱియొక ప్రాణి యనుభవించెను. మేము చదువుకొన్న ఈ పాఠశాల సంచికకు ఏదైన వ్రాయుమని కోరినప్పుడు, ఆ సంగతినే విన్నవింప దలచితిమి.

అవి 1960 తరువాతి సంవత్సరములు. అప్పటికి అనుమతిగల వేట చట్టవిరుద్ధము కాదు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న కొల్లేటిసరస్సునకు శీతకాలమున ఉత్తరదేశములనుండి నీటిపక్షులు గుంపులుగుంపులుగా వచ్చుచుండెడివి. మా నాన్నగారికి లైసెన్సుగల జంటగొట్టపు పన్నెండు బోరు తుపాకి యుండెను. గొట్టపు వ్యాసముతో సరిపోవు సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగినచో ఆ తుపాకికి ఆ పేరు కలుగును. ఈ సంగతి మాకు మొదట చెప్పినవారు నాన్నగారే.

వేటకు ముందురాత్రి ఆయన లాంతరు వెలుతురున చాపపై కూర్చుండి తూటాలను వేఱుచేసెడివారు. మాకు పదునాలుగవ యేడు వచ్చినపుడు ఆ పని మాకు నేర్పిరి.

"అబ్బాయీ! నెంబరు పెరిగినకొలది గుండు చిన్నదగును. ఇది మొదట జ్ఞాపకముంచుకొనుము. ఒక ఔన్సు తూకమునకు ఆరవ నెంబరు గుళ్ళు 270 వచ్చును, నాలుగవ నెంబరువి 170, ఒకటవ నెంబరువి 100, బి.బి. గుళ్ళు 70 మాత్రమే."

"ఐనచో ఎల్లప్పుడును పెద్దగుళ్ళనే వేయరాదా, నాన్నగారూ?" అని యడిగితిమి.

ఆయన చాపపై నాలుగు గింజలను దూరదూరముగా పెట్టి, "గుళ్ళు తుపాకిని వీడినపిదప విప్పారుచు పోవును. అవి కొద్దిగా నున్నచో నలుబది గజముల యొద్ద వానినడుమ ఇట్టి సందులు ఏర్పడును. చిన్న పరజ ఆ సందులో తప్పించుకొనును, లేదా ఒక్క గుండు మాత్రమే తగిలి బాధపడును" అనిరి. పిమ్మట గుప్పెడు గింజలు చల్లి, "చిన్నగుళ్ళైనచో సందులుండవు. కాని తేలికవగుటచే గాలి వానివేగమును త్వరగా హరించును. పెద్దబాతు ఈకలు దట్టములు. వానిక్రింద కండయు కొవ్వును గలవు. చిన్నగుండు అంతవఱకు పోయి ఆగును గాని ప్రాణస్థానమును చేరజాలదు. అది పక్షిని చంపదు, చెఱచును" అని వివరించిరి.

కావున పరజకు ఆరవ నెంబరు, సూదితోక బాతువంటి వానికి ఐదుగాని నాలుగుగాని, పెద్దబాతునకు ఒకటిగాని బి.బి.గాని యనుట ఆయన నియమము. నలుబది గజములకు మించిన పక్షిమీద ఏ నెంబరును వాడరాదనుట అన్నిటికన్న ముఖ్యమైన నియమము.

మఱునాడు తెల్లవారకముందే తాటిదోనెలో జమ్ములోనికి పోయితిమి. మంచు దట్టముగా నుండెను. నాన్నగారు తుపాకిని మాకిచ్చి, "పరజలు వచ్చిన ఆరు, పెద్దబాతులు వచ్చిన ఒకటి. చూచి పెట్టుకొనుము" అని దోనె ముందుభాగమునకు జరిగిరి. మేము రెండు గొట్టములలోను ఆరవ నెంబరునే పెట్టితిమి. 270 గుళ్ళలో ఒక్కటియైనను తగులకపోవునా యనుట మా యాలోచన. గుఱి కుదురని బాలుడు సంఖ్యను నమ్ముకొనుట వింత కాదు గదా!

తూర్పు తెల్లబడునప్పటికి పెద్దబాతులు బారుగా వచ్చెను. తలపై రెండు నల్లని పట్టెలుగల జాతి యది. టిబెట్టు, మంగోలియా ప్రాంతములలో గ్రుడ్లు పెట్టి, హిమాలయములను దాటి మనదేశమునకు శీతకాలమున వచ్చునది. దూరమును అంచనా వేయక మేము తుపాకి పేల్చితిమి. బారులో నొకపక్షి తూలెను. దాని కాలొకటి వ్రేలాడబడెను. కాని యది పడలేదు. రెక్కలు కొట్టుకొనుచు, అంతకంతకు క్రిందికి దిగుచు, చాలదూరమున జమ్ములో అదృశ్యమయ్యెను.

నాన్నగారు మా చేతినుండి తుపాకిని తీసికొని, విప్పి చూచిరి. ఖాళీతూటాపై నెంబరు చదివిరి. ఏమియు ననలేదు. రెండవ తూటానుగూడ తీసి జేబులో వేసికొని, దోనెను ఆ దిక్కునకు నడిపింపుమనిరి. ఆనాడు ఆయన మరల తుపాకి పట్టలేదు. మధ్యాహ్నము కట్టుకొనిపోయిన అన్నము విప్పలేదు. మొలలోతు నీటిలో దిగి జమ్మును చేతులతో పాయలుచేయుచు సాయంకాలమువఱకు వెదకిరి. తుదకు దోనె నడుపు ముసలాయన, "బాబుగారూ, ఇంక దొరకదండి. పొద్దు వాలిపోయింది" అనెను.

త్రోవలో నాన్నగారన్న మాట ఒక్కటే: "గుళ్ళను లెక్కపెట్టితివి గాని, పిట్టను లెక్కపెట్టలేదు."

ఆ రాత్రి మేము నిద్రింపలేదు. ఆ పక్షి యెచ్చటనో చీకటిలో, నీటిలో, కాలు విఱిగి, ప్రాణముతో నున్నదని మాకు తెలియును. తరువాత కొంతకాలమునకు, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991లో దానికి జరిగిన సవరణతో అనుమతిపత్రములపై వేటాడుటయు ముగిసెను. నాన్నగారు అంతకు చాలకాలము ముందే తుపాకిని ఒప్పగించివేసిరి.

నాన్నగారి లెక్కలో తప్పు లేదని మేము చిరకాలము నమ్మితిమి. పెద్దవారమైన పిదప చదివిన సంగతి యొకటి ఆ నమ్మకమును కదలించెను. తూటాలోని గుళ్ళలో పక్షికి తగులునవి కొన్నియే. తక్కినవన్నియు నీటిలో రాలి అడుగున చేరును. బాతులు మేతను అరగించుకొనుటకై చిన్నరాళ్ళను మ్రింగి కందనకాయలో నిలువచేసికొనును. అవి సీసపు గుళ్ళను గూడ రాళ్ళనుకొని మ్రింగును. కందనకాయలో అరగిన సీసము నెత్తురులో కలిసి విషమగును. పక్షి చిక్కిపోయి, రెక్కలు వ్రేలవేసి, ఎగురలేక మరణించును. కొన్ని గుళ్ళే ఇందులకు చాలును. ఈ సంగతిని జార్జి బర్డు గ్రిన్నెల్ అను అమెరికా పత్రికాసంపాదకుడు 1894లోనే ప్రకటించెను. అచ్చటి నీటిపక్షులలో ఏటేట నూటికి రెండు మూడు వంతులు ఇట్లు నశించుచున్నవని ఫ్రాంక్ బెల్‌రోజ్ అను శాస్త్రజ్ఞుడు 1959లో అంచనావేసెను. తుదకు 1991 నుండి ఆ దేశమంతటను నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళు నిషేధింపబడెను. ఐరోపా సమాఖ్య 2023లో చిత్తడినేలల యందు వానిని నిషేధించెను.

కావున మేనల్లునికి ఇట్లు వ్రాసితిమి: "నాయనా! తాతగారి నెంబరులు నీకు పనికిరావు. అవి ఇంగ్లీషు నెంబరులు. మీ దేశపు ఆరవ నెంబరు సీసము ఔన్సునకు సుమారు 225 మాత్రమే వచ్చును. అదియునుగాక నీవు వాడవలసినది ఉక్కు. సీసము నీటికన్న 11 రెట్లకు పైగా బరువు. ఉక్కు 8 రెట్లయినను లేదు. తేలికయగుటచే త్వరగా వేగము కోల్పోవును. కనుక సీసముకన్న రెండు నెంబరులు పెద్దగుండును ఎన్నుకొనుము. సీసమున ఆరు చాలినచోట ఉక్కున నాలుగు. నాలుగు చాలినచోట రెండు. బాతునకు ఈ రెండును తగినవి. పెద్దబాతునకు బి.బి. వాడుము. పాతతుపాకిలో ఉక్కు వేయకుము; గొట్టము చెడును. దూరమును అడుగులతో కొలిచి, గుఱుతు పెట్టుకొని, దానికి లోబడిన పక్షినే కొట్టుము. తక్కినవానిని పోనిమ్ము."

కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది. ఈ నడుమ మేము ఆటపాకకు పోయి గూడబాతులను చూచితిమి. పిల్లలు సంతోషముతో కేకలు వేయుచుండగా, మా చూపు మాత్రము పడవప్రక్కనున్న బురదనీటిపై నిలిచెను. నాన్నగారంతటి జాగరూకుడు సైతము తగిలిన గుళ్ళనే లెక్కించెను. తప్పినవి ఎచ్చటికి పోవునో ఆయన యెఱుగడు. మేము ఎఱుగుదుము. బాలబాలికలారా! మీరు తుపాకి పట్టబోరు. కాని చేయు పని యేదైనను, దానిలో గుఱి తప్పిన భాగము ఎచ్చట పడుచున్నదో ఒకమాఱు విచారింపుడు.

మేనల్లుని జాబు పదునైదు దినములకు వచ్చెను. మొదటిదినమున పెద్దబాతులన్నియు గుఱుతునకు మించిన దూరముననే పోయినవనియు, తాను ఒక్క తూటానైనను పేల్చక ఇంటికి వచ్చితిననియు, స్నేహితులు నవ్విరనియు వ్రాసెను. ఆ జాబును నాన్నగారి పాత తూటాలపెట్టెలో భద్రపఱచితిమి.