మేం తీసేసిన కోబే

పోయిన నెల మురకామి ‘ఆఫ్టర్ ద క్వేక్’ మీద ఒక వ్యాసం రాశాను. 1995 జనవరి కోబే భూకంపం చుట్టూ అల్లిన ఆరు కథలవి. ఒక్క కథా కోబేలో జరగదు. ఎక్కడో దూరంగా ఉన్నవాళ్ల బతుకుల్లో ఏదో కదులుతుంది, అంతే. వ్యాసం వచ్చిన రోజు రాత్రి, బీటెక్‌లో నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్ దగ్గర్నుంచి మెసేజ్: ‘కోబే గురించి భలే రాశావ్. మనం దాన్ని తీసేశాం కదరా, గుర్తుందా?’

లేదు. ఆ మాట చదివాకే గుర్తొచ్చింది.

నేను సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలిన వేలమందిలో ఒకణ్ణి. వాడు అందులోనే ఉండిపోయి వంతెనలు డిజైన్ చేస్తున్నాడు. ఫైనలియర్‌లో మా ప్రాజెక్ట్ చిన్నదే: ఒక ఫ్లైఓవర్ స్తంభాన్ని కంప్యూటర్లో నిలబెట్టి, నాలుగు నిజం భూకంపాల రికార్డులతో ఊపి, దాని తల ఎంత జరిగిందో చూడటం. ఎల్ సెంట్రో ఉండాల్సిందే. 1940లో కాలిఫోర్నియాలో నమోదైన ఆ రికార్డు లేకుండా మా సబ్జెక్టులో పుస్తకమే ఉండదేమో. ఇంకో రెండు నెట్‌లోంచి దింపాం. నాలుగోది కోబే, తకటోరి స్టేషన్‌ది. మొదటి మూడింటికీ స్తంభం బుద్ధిగా అటూ ఇటూ ఊగి, మళ్లీ నిటారుగా వచ్చి నిలబడింది. కోబేకి మాత్రం ఒక పక్కకి వెళ్లి, అక్కడే ఉండిపోయింది. ఆ గ్రాఫు పక్కన మిగతావన్నీ ఉత్త గీతల్లా కనిపించాయి.

‘మోడల్లో తప్పుందేమో’ అన్నాడు వాడు. సబ్మిషన్‌కి నాలుగు రోజులుంది. ‘తీసేద్దాం’ అన్నది నేను.

మోడల్ బాగానే ఉంది. మాకు తెలియంది ఫాల్ట్ సంగతి. భూమిలోని ఆ పగులు అంతా ఒక్క దెబ్బకి తెగదు. ఒకచోట మొదలై, జిప్పు లాగినట్టు పొడవునా పాకుతుంది. అలా పాకే వేగం, అది పుట్టించే షియర్ తరంగాల వేగానికి కాస్తే తక్కువ. అందుకని పగులు పాకొస్తున్న వైపున్న ఊరికి, ముందు బయల్దేరిన తరంగాలూ తర్వాత బయల్దేరినవీ దాదాపు కలిసే చేరతాయి. విడతలుగా రావాల్సిన శక్తి ఒకటి రెండు పెద్ద తోపుల్లో వచ్చి పడుతుంది. కోబేలో జరిగింది ఇదే. పగులు అకాషి జలసంధి దగ్గర మొదలైంది, దాని ఒక కొస ఊరి వైపే పాకింది. తకటోరిలో నేల వేగం సెకనుకి 120 సెంటీమీటర్లు దాటింది. ఎల్ సెంట్రోలో అది 40 లోపే.

స్తంభాన్ని డిజైన్ చేసేటప్పుడు, ఊగిన ప్రతిసారీ కొంత శక్తిని అది మింగేస్తుందని లెక్క వేసుకుంటాం. దగ్గరి భూకంపం అంత వ్యవధి ఇవ్వదు. మొదటి పెద్ద తోపుకే లోపలి స్టీలు సాగిపోతుంది. వెనక్కి తోసేది కూడా అంత గట్టిగా రాకపోతే, వంగింది వంగినట్టే మిగులుతుంది. పైన స్పాను అంచుకి కూర్చోడానికి చాలినంత చోటు లేకపోతే అది జారి కింద పడుతుంది. హాన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే 635 మీటర్ల పొడవున పక్కకి ఒరిగి పడున్న ఫోటో మీరు చూసే ఉంటారు. నాకు మాత్రం ఫోటోలకెక్కని స్తంభాలే మనసులో ఉండిపోయాయి. అవి కూలలేదు. ఒక డిగ్రీకి మించి ఒరిగి ఆగిపోయాయి. నిటారుగా చేసే దారి లేక, అలాంటివి వందకు పైగా పడగొట్టి మళ్లీ కట్టారు. మా గ్రాఫులో ఉన్నది సరిగ్గా ఇదే. 1996లో జపాన్ తన వంతెనల కోడ్‌ని మార్చి, కోబే లాంటి దగ్గరి భూకంపాలకి విడిగా లెక్క పెట్టింది. అంతా అయ్యాక స్తంభం ఎంతవరకు ఒరిగి మిగలొచ్చో దానికీ ఒక హద్దు పెట్టింది.

అకాషి జలసంధి మీద అప్పటికి వంతెన సగంలో ఉంది. టవర్లు లేచాయి, కేబుళ్లు లాగారు, రోడ్డు ఇంకా పడలేదు. నేల జరిగి రెండు టవర్ల మధ్య దూరం ఇంచుమించు మీటరు పెరిగింది. 1990 మీటర్ల స్పాను 1991 అయింది. కొత్త కొలతకి తగ్గట్టు డిజైన్ సవరించుకుని 1998లో తెరిచారు.

వాడికి ఫోన్ చేశాను. ‘హైదరాబాద్‌కి కోబే ఎందుకొస్తుందిరా, మనం చదివినప్పుడు ఇది జోన్ 2’ అన్నాను నవ్వుతూ. సమర్థించుకోవడమే, ఇంకేం కాదు.

‘నేనిప్పుడు చేస్తున్నది హిమాలయాల వైపు. స్తంభాలు బాగా ఎత్తు. మొన్న మా జూనియర్ కుర్రాడు, ఒక రికార్డు తేడాగా ఉంది, తీసేద్దాం సార్ అన్నాడు. నువ్వే గుర్తొచ్చావ్.’

‘ఏం చెప్పావ్?’

‘ఉంచమన్నా.’ కాసేపు ఆగి, ‘మనం తీసేసిన సంగతి మాత్రం చెప్పలేదులే’ అన్నాడు.

పోయిన ఆదివారం అమ్మావాళ్లింటికి వెళ్లినప్పుడు అటక మీంచి ప్రాజెక్ట్ రిపోర్టు దింపాను. నీలం అట్ట, బంగారు అక్షరాలు. టేబుల్లో భూకంపాలు మూడే. మొదటి పేజీలో, అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం ‘నాలుగు’ అనే ఉంది. మార్చడం మర్చిపోయాం. వైవాలో ఎవరూ అడగలేదు. ఆ రెండు పేజీలూ ఫోటో తీసి వాడికి పంపాను.

చూశాడు. జవాబు ఇంకా రాలేదు.