వెండి గిలాసలో ఏం పోస్తున్నారు?

మీ ఇంట్లో వెండి గిలాస ఉండే ఉంటుంది. పెండ్లిలో అత్తగారు పెట్టిందో, అన్నప్రాసన నాడు మేనమామ తెచ్చిందో. ఇప్పుడెక్కడుంది? బీరువాలో చీరల అడుగున, పాత గుడ్డలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి. ముందు లేచి ఆ బ్యాండు తీసేసి రండి, ముచ్చట తర్వాత. రబ్బరులో గంధకం ఉంటుంది. వెండికీ గంధకానికీ అస్సలు పడదు. బ్యాండు ఉన్నంత మేర నల్లటి చార పడుతుంది, అదొక పట్టాన పోదు.

వచ్చారా? కూర్చోండి. నాకు పాత వెండి సామాను పిచ్చి. అందులోనూ విందుబల్ల మీదివి, తాగడానికి పుట్టినవి అంటే మరీనూ. పెగ్గు కొలతలు, నడుముకు ఒదిగే చిన్న సీసాలు, సారా సీసా మెడలో తాయెత్తులా వేలాడే పేరు బిళ్ళలు. "తాగవు, ఇంకొకరిని తాగనియ్యవు, ఇవన్నీ ఎందుకు బిడ్డా?" అంటుంది మా పెద్దమ్మ. జవాబు లేదు.

తాగే సామాను గురించి నల్గొండ వాళ్ళకు ఇంకొకరు చెప్పాలా అసలు! తాటివనంలో లొట్టి ఉంది, సొరకాయ బుర్ర ఉంది, దోసిట్లో పట్టుకునే తాటాకు రేక ఉంది. రేకలో కల్లుకు వచ్చే రుచి ఏ దొర వెండి కప్పులోనూ రాదని తాగినవాళ్ళంతా ఒకే మాటగా చెబుతారు. ఆ రేకను దాచుకుందామంటే పొద్దుగూకేసరికి ఎండిపోతుంది. గోలీసోడా సీసా సంగతి వేరు. 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లీషాయన దానికి పేటెంటు తీసుకున్నాడు. అక్కడి పిల్లలు గోలీల కోసం పగలగొట్టగా మిగిలిన సీసాలను ఇప్పుడు అద్దాల బీరువాల్లో పెట్టి చూసుకుంటున్నారు. మన దగ్గర అది ఇంకా బండి మీద కీచుమంటూనే ఉంది.

వెండికి మాత్రం ఆ అదృష్టం లేదు. పాలమూరు దిక్కు వనపర్తి, గద్వాల, కొల్లాపురం సంస్థానాలుండేవి కదా. 1949లో జాగీర్దారీ రద్దయింది. వనపర్తి రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ. కోటను కరిగించలేం కాబట్టి మిగిలింది. పాన్‌దాన్, అత్తరుదాన్, గంధపు గిన్నె అలా కాదు. ఏ పెద్దింట్లోనైనా పంపకాల రోజు తరాజు బయటికొస్తే చాలు, అవి కిలోల లెక్కలోకి పోతాయి.

ఒకసారి తాకట్టు కొట్లో తరాజులో పన్నీరు బుడ్డి కనిపించింది. సన్నటి మెడ, పొట్ట మీద పురి విప్పిన నెమలి. "సేటూ, ఆ నెమలిని చూసినవా?" అన్నాను. "నెమలి గూడ తూకంలనే వచ్చింది సార్" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆయన వ్యాపారంలో పనితనానికి గడి లేదు, అంతే. తూకం ధర మీద ఇంకొంత ఇచ్చి తెచ్చుకున్నాను.

కొనే ముందు వస్తువును తిరగేయాలి. ఇంగ్లండు స్టెర్లింగ్ అంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి. అడుగున నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది. పక్కన చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్షించింది, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో. ఇంకో అక్షరం ఏడాది చెబుతుంది. మన కంసాలి చేతి వస్తువులకు చాలావాటికి ఏ ముద్రా ఉండదు, పనిని చూసే పోల్చుకోవాలి. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ వాళ్ళవైతే పేరుంటుంది. వాళ్ళ టీ సామాను మీద దేవుళ్ళ బొమ్మలు కిక్కిరిసి ఉంటాయి, దాన్ని స్వామి పని అనేవారు. 1875లో వేల్స్ యువరాజు మన దేశానికి వస్తే అలాంటి టీ సెట్టే కానుకగా ఇచ్చారు. అన్ని దేవతల మధ్య ఆయన టీ ఎలా తాగాడో!

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో "అసలు వెండి సార్, నవాబులది" అంటూ ఒక ట్రే చేతిలో పెడతారు. తిప్పి చూస్తే ఈ.పీ.ఎన్.ఎస్. అని ఉంటుంది. అంటే నికెల్ కలిపిన లోహం మీద విద్యుత్తుతో ఎక్కించిన వెండి పూత. బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్ వాళ్ళు 1840లో పేటెంటు తీసుకున్న పద్ధతి. చాలామంది దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు. నాకు మాత్రం ముద్దు. కరిగిస్తే ఏమీ రాదు కాబట్టి ఏ సేటూ దాని జోలికి పోలేదు, అందుకే నిక్షేపంగా బతికింది.

బంగారం కథ కూడా ఒకటుంది. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి ఇద్దరు దొంగలు వెంటిలేటర్‌లోంచి తాడు వేసుకుని దిగారు. వజ్రాలు పొదిగిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ డబ్బా, బంగారు కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. కొద్దిరోజుల్లోనే పట్టుబడ్డారు, వస్తువులన్నీ దొరికాయి. అప్పుడు పోలీసులు చెప్పిన మాట నేను మరవలేను: వాళ్ళలో ఒకడు రోజూ ఆ డబ్బాలోనే అన్నం తిన్నాడట! దొంగతనం దొంగతనమే. కానీ ఆ డబ్బాను డబ్బాలా చూసింది వాడొక్కడేనేమో అనిపిస్తుంది నాకు.

అందుకే మీ గిలాసను వాడండి అంటున్నాను. రోజూ చేయి తగిలి, కడిగి తుడిచే వెండి అంత త్వరగా నల్లబడదు. ఉప్పు వేసిన మజ్జిగ మాత్రం అందులో ఉంచేయకండి, ఉప్పు వెండిని తింటుంది. ఇంగ్లీషు వాళ్ళు ఉప్పు గిన్నెలకు లోపల బంగారు పూత పెట్టింది ఈ భయంతోనే. నల్లబడితే బూడిదతో తోమకండి, నగిషీ అరుగుతుంది. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్ళు, చాకలి సోడా వేసి అందులో ముంచండి. రేకు ఆ నలుపును లాగేసుకుంటుంది. రాళ్ళు పొదిగినవాటికి, కావాలని నలుపు నిలిపిన నగిషీకి ఈ వైద్యం వద్దు.

అమ్మక తప్పకపోతే, తరాజులో పెట్టేముందు అడుగు చూడండి. మన వాళ్ళకు గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు కదా, ఏ తాతమ్మ పేరో వంకర అక్షరాల్లో ఉండవచ్చు. సేటుకు ఆ పేరుతో పని లేదు. నాకు కబురు పెట్టండి, ఆ పేరుకు వేరే ధర కడతాను.