"ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిలే" అనుకున్నాం

పోస్టు కొంచెం పెద్దదే. మన ఏజెన్సీలో బండి ఉన్న ప్రతి ఇంటికీ పనికొస్తుందని రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచకుండానే రాస్తాను.

మాది పాడేరు దగ్గర ఊరు. అన్నయ్య డిగ్రీ మధ్యలో ఆపేసి కొన్నాళ్ళు వేరేవాళ్ళ జీపు నడిపాడు. తర్వాత రెండేళ్ళ కాఫీ, మిరియాల డబ్బులు కూడబెట్టి, కొంత అప్పు చేసి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఆరేళ్ళ పాత బండి, తెల్ల నంబరు ప్లేటు. ఆర్సీ, ఇన్సూరెన్సు రెండూ తన పేరు మీదకి మార్పించుకున్నాడు, ఆ విషయంలో జాగ్రత్తగానే ఉన్నాడు. చలికాలంలో వంజంగి మబ్బులు చూడ్డానికీ, లంబసింగి చలి చూడ్డానికీ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు కదా. పాడేరులో బస్సు దిగినవాళ్ళని కిరాయికి తిప్పేవాడు. ఆ మూడు నెలల్లో సగం అప్పు తీరిపోతుందని లెక్క.

ఇన్సూరెన్సు రెన్యువల్ అయిన రోజు అన్నయ్య ఆ పీడీఎఫ్ నాకు వాట్సాప్‌లో పంపాడు. "తమ్ముడూ, 9,840 కట్టాను. ఫుల్ ఇన్సూరెన్సే అన్నాడు ఏజెంటు. ఇంగ్లీషులో ఉంది, ఓసారి చూడు." నేనప్పుడు వైజాగ్‌లో హాస్టల్లో ఉన్నాను, పరీక్షలు. ఫైలు తెరిచాను, పేరు, బండి నంబరు సరిగా ఉన్నాయా అని చూశాను. "ఓకే అన్నయ్యా" అని పెట్టేశాను. మా ఇంట్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కడినే.

జనవరిలో ఒక పొద్దున్న, కిరాయి వాళ్ళని దింపడానికి ఘాట్ దిగుతుంటే మంచులో మలుపు దగ్గర ఎదురుగా బైకు వచ్చింది. బైకుని కొట్టి కారు పిట్టగోడకి తగిలి ఆగింది. కారులో వాళ్ళకి చిన్న దెబ్బలే. బైకు మీద ఉన్నాయన కాలు రెండు చోట్ల విరిగింది. ఆయన పక్క ఊరివాడు, మాకు వరసకి మావ అవుతాడు.

ఆ రోజు ఫోన్లో అన్నయ్య గొంతు వణుకుతున్నా ఒక మాట మాత్రం ధైర్యంగా అన్నాడు: "ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిలే, మావకి ఏటీ లోటు రానివ్వం." నేను కూడా అలాగే అనుకున్నాను.

సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకెళ్ళాడు. షెడ్డువాడు లక్షా డెబ్బై రెండు వేలు అని ఎస్టిమేట్ రాసిచ్చాడు. నెలకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, రెండే పేరాలు. ప్రమాదం జరిగినప్పుడు బండి కిరాయికి నడుస్తోంది, పాలసీ సొంత వాడకానికి మాత్రమే, కాబట్టి క్లెయిమ్ ఇవ్వలేం అని. కారులో ఉన్నవాళ్ళు పోలీసులకి మూడున్నర వేలకి కారు మాట్లాడుకున్నామని ఉన్నదున్నట్టు చెప్పారు. "ఫ్రెండ్స్ అని చెప్పించాల్సింది" అని ఊళ్ళో కొందరు అన్నారు. దెబ్బలు తగిలినవాళ్ళని అబద్ధం ఆడమని అడగడానికి అన్నయ్యకి నోరు రాలేదు. నాకైతే అదే మంచిదనిపిస్తుంది.

అప్పుడు తెరిచాను ఆ పీడీఎఫ్‌ని మళ్ళీ. "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అని ఒక పేరా ఉంది. కిరాయికి తిప్పితే వర్తించదు, సొంత లగేజీ కాకుండా సరుకులు మోస్తే వర్తించదు, పందేలకి వర్తించదు. (మన ఘాట్‌లో పందేలు ఎవరు పెడతారో గానీ.) నాలుగు లైన్లు. పరీక్షల ముందు రోజైనా రెండు నిమిషాల్లో చదివేయొచ్చు.

ఆ రాత్రి మిగతాది కూడా చదివాను. తర్వాత మావ తరఫు వకీలుని, మా వకీలుని, తెలిసినవాళ్ళని అడిగి అర్థం చేసుకున్నది రాస్తున్నాను.

"ఫుల్ ఇన్సూరెన్స్" అనే మాట పేపర్లో ఎక్కడా లేదు. మనం అలా పిలిచేది ప్యాకేజీ పాలసీ. అందులో థర్డ్ పార్టీ వేరు, మన బండి డ్యామేజీ వేరు, ఓనరుకి ప్రమాద బీమా వేరు. ఒక్కోదానికీ ఒక్కో హద్దు. చట్టం ప్రకారం తప్పనిసరి అయిన థర్డ్ పార్టీలో, మన బండి తగిలి ఎదుటి మనిషి చనిపోయినా గాయపడినా పరిహారానికి పైహద్దు లేదు, ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే అంత. ఎదుటివాళ్ళ ఆస్తి పాడైతే మాత్రం కారుకి 7,50,000, బైకుకి 1,00,000 వరకే.

మన బండి రిపేరుకి ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. మాది 3,20,000. బండి పూర్తిగా పోయినా, దొంగలెత్తుకెళ్ళినా అంతకి మించి రాదు. రిపేరు అయితే పార్టుల పాతదనం కింద కోత పడుతుంది. ప్లాస్టిక్, రబ్బరు పార్టులకి సగం పోతుంది. ఆరేళ్ళ బండి ఇనుప పార్టులకి నూటికి 40 పోతుంది. మా ఎస్టిమేట్‌లో ప్లాస్టిక్, రబ్బరు 40,000, ఇనుము 80,000, కూలి 52,000. కూర్చుని లెక్కేశాను. క్లెయిమ్ ఒప్పుకున్నా 20,000, 48,000, 52,000 కలిపి, అందులో తప్పనిసరిగా మనం భరించాల్సిన వెయ్యి తీసేస్తే 1,19,000. అంటే ఏ తప్పూ లేకపోయినా 53,000 మా జేబులోంచే పోయేది. ఇది అన్నయ్యకి చెప్తే, "మరి ఫుల్ అన్నాడేటి వాడు?" అన్నాడు.

ఓనరు ప్రమాద బీమా 15 లక్షలు అని పెద్దగా కనిపిస్తుంది. అది చనిపోతేనో, కాళ్ళో చేతులో కళ్ళో శాశ్వతంగా పోతేనో వచ్చేది. కాలు విరిగి మూడు నెలలు మంచంలో ఉంటే అందులోంచి పైసా రాదు. పైగా బండి ఎవరి పేరు మీదుందో వాళ్ళకే, వాళ్ళకి లైసెన్స్ ఉంటేనే. అన్నయ్య కారు నేను తీసుకెళ్ళి పడితే ఆ 15 లక్షలు నావి కావు.

బైకులున్న తమ్ముళ్ళు ఇది చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఉంటే మీ వెనక కూర్చున్నవాడికి అది వర్తించదు. ప్యాకేజీ ఉంటే వర్తిస్తుంది. మనలో ఎంతమంది దగ్గర ఏది ఉందో నాకు తెలీదు గానీ, వెనక ఒకరు కాదు ఇద్దరేసి కూర్చుంటాం.

ఇంకా భయపెట్టేది సంత బళ్ళు. సరుకుల ఆటోలోనో పికప్‌లోనో పసుపు బస్తాలతో పాటు ఆ సరుకు యజమాని ఎక్కితే చట్టంలో రక్షణ ఉంది. ఊరికే ఎక్కినవాళ్ళకి, పెళ్ళికి ట్రక్కులో పోయేవాళ్ళకి ఆ బండి ఇన్సూరెన్సు బాధ్యత వహించదు. బస్సు రాని ఊళ్ళకి వేరే దారి ఏముందని మీరు అడుగుతారు. నా దగ్గరా జవాబు లేదు. కానీ ఎక్కేటప్పుడు తెలిసి ఎక్కాలి కదా.

అన్నయ్య బ్యాడ్జి లేనందుకు కూడా భయపడ్డాడు. అది మాత్రం ఊరట. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్ చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. లోటంతా ప్లేటు దగ్గరే. ఎల్లో ప్లేటు అంటే పర్మిట్, ఫిట్‌నెస్, ఎక్కువ ప్రీమియం. ఆ ఖర్చు మిగుల్చుకుందామనే తెల్ల ప్లేటుతో తిప్పాడు. అన్నయ్యొక్కడే కాదు, ఆ సీజన్‌లో మన స్టాండులో సగం బళ్ళు అవే.

మావ కేసు ట్రిబ్యునల్లో ఉంది. కంపెనీ షరతు తప్పారని వాదిస్తోంది. ఇలాంటి కేసుల్లో ముందు కంపెనీ బాధితుడికి కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని తీర్పులు వస్తుంటాయని వకీలు చెప్పాడు. అలా వస్తే మావకి డబ్బు అందుతుంది, అప్పు మా ఇంటి మీద పడుతుంది. మావకి అందాలనే మేమూ కోరుకుంటున్నాం. ఎంత తేలుస్తారో తెలీదు. ఆసుపత్రికి ఇప్పటిదాకా మేము 60,000 ఇచ్చాం. అది ఈ ఏటి మిరియాల డబ్బు.

మీలో ఎవరింట్లోనైనా ఇంగ్లీషు చదవలేనివాళ్ళ బండి ఉంటే ఆ పేపరు ఈ వారం మీరు తెరవండి. పేరు, నంబరు దగ్గర నాలాగా ఆగిపోకండి. అర్థం కాకపోతే నంబరు కొట్టేసి ఫొటో ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం. మా పిన్ని కొడుకు తన పికప్‌ది నిన్ననే పంపాడు. ఈసారి చివరి పేజీ దాకా చదివి, వాడికి ఫోన్ చేసి చెప్పాను.

కారు ఇంటి వెనక టార్పాలిన్ కింద ఉంది. అన్నయ్య మళ్ళీ వేరేవాళ్ళ జీపు నడుపుతున్నాడు. పోయిన సంతలో మావ కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి, "వాయిదా ఎప్పుడల్లుడా?" అని అడిగాడు. వచ్చే నెల 14న అని చెప్పాడు అన్నయ్య. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్తారు.