గుండు బరువు, మందు కొలత, ముందు నడిచినవాడు

పన్నెండు బోరు తుపాకి అనే మాట మన ఊళ్లలో చాలామంది విన్నదే. ఆ పన్నెండు ఏమిటో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. అది అంగుళాల లెక్క కాదు, మిల్లీమీటర్ల లెక్కా కాదు. ఒక పౌను సీసాన్ని కరిగించి సమానంగా పన్నెండు గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అది పన్నెండు బోరు. పదహారు పోస్తే పదహారు బోరు, ఎనిమిదే పోస్తే ఎనిమిది బోరు. అంకె తగ్గేకొద్దీ గొట్టం పెద్దదవుతుంది. పౌను అంటే సుమారు 454 గ్రాములు కాబట్టి 12 బోరు గుండు 38 గ్రాములు, 16 బోరు గుండు 28 గ్రాములు, 8 బోరు గుండు 57 గ్రాములు తూగుతుంది. హారం పెరిగితే భిన్నం విలువ తగ్గుతుందని జొన్నరొట్టె ముక్కలతో చెప్పినప్పుడు తల ఊపి మరిచిపోయే పిల్లలు, గుండ్ల లెక్కతో చెబితే మరిచిపోరు.

ఈ లెక్కలు నాకు పట్టుబడింది ఒక ఇంగ్లిషు దొర పుస్తకాల వల్ల. ఆయన పేరు కెప్టెన్ జేమ్స్ ఫోర్సిత్. 1861లో ఇంగ్లిషువాళ్లు మధ్య పరగణాలను ఏర్పాటు చేశాక అక్కడి అడవుల పనిలోకి వచ్చాడు. సాత్పురా కొండల్లో పచ్మఢీలో 1862లో ఆయన కట్టించిన బైసన్ లాడ్జి ఇప్పటికీ ఉంది. ఆ కొండలు గోండులవి, కోర్కులవి. అక్కడి గోండీకీ మా ఆదిలాబాద్ గోండీకీ యాసలో తేడా ఉంది కానీ మనిషి మనిషే. ఫోర్సిత్ రెండు పుస్తకాలు రాశాడు. ఒకటి మధ్య భారతపు కొండల గురించి, అది 1871లో వచ్చింది, ఆ ఏడే ఆయన చనిపోయాడు. అంతకుముందు 1860ల్లో రాసింది 'ది స్పోర్టింగ్ రైఫిల్ అండ్ ఇట్స్ ప్రొజెక్టైల్స్'. వేట తుపాకికి ఏ గుండు వాడాలి, ఎంత మందు పోయాలి అన్నదే దాని గొడవంతా. మన గోండుల గురించి రాసిన మొదటి పుస్తకాన్ని చదివేవాళ్లున్నారు. రెండోదాన్ని తుపాకుల పిచ్చివాళ్లే చదువుతారు. నేనంటాను, మన కథ రెండోదాంట్లో కూడా ఉంది.

ఆ రోజుల వేట తుపాకి జంట గొట్టాలది. మూతిలోంచి మందు పోసి, నూనె రాసిన గుడ్డలో గుండు పెట్టి, కడ్డీతో దట్టించి, వెనక టోపీ పెట్టాలి. మన పెద్దలు భర్మార్ అన్నది ఈ తరహా తుపాకినే. దొరల తుపాకికి గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉండేవి. అవి గుండును తిప్పుతాయి, తిరిగే గుండు నిలకడగా పోతుంది. తిరిగి దట్టించడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి రెండో గొట్టం ప్రాణరక్షణ. ఆ రెండూ వట్టిపోతే, వెనకనున్న మనిషి అందించే రెండో తుపాకి. ఆ వెనక మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు గుండు సంగతి. అప్పటికి సైన్యంలోకి మొనదేరిన పొడుగు గుండు వచ్చేసింది. ఎన్‌ఫీల్డ్ తుపాకి గుండు బరువు 530 గ్రెయిన్లు, అంటే 34 గ్రాములు. దానికి పోసే మందు రెండున్నర డ్రాములు, నాలుగున్నర గ్రాములకు కాస్త తక్కువ. గుండు బరువులో ఎనిమిదో వంతు మందు. దూరం బాగా పోతుంది కానీ నిదానంగా, ఇంద్రధనుస్సులా వంగి పోతుంది. నూరు గజాలు దాటడానికి సుమారు సెకనులో మూడో వంతు పడుతుంది. కిందపడే వస్తువు లెక్క పదో తరగతి పిల్లలకు తెలుసు: ఆ కాలంలో గుండు అర మీటరు పైన కిందికి జారుతుంది. మందు పెంచి వేగం పెంచితే, అదే దూరం పావు సెకనులో పోతే, జారేది 30 సెంటీమీటర్లే. మైదానంలో గురిపలకను కొట్టే సిపాయికి దూరం ముందే తెలుసు, తుపాకి మీది పలకను ఎత్తుకుని గురి సరిచేసుకుంటాడు. వెదురు పొదల్లో, చీకటి పడే వేళ, అడవిదున్న అరవై గజాల్లో ఉందా నూటపదిలో ఉందా అని దొరకేం తెలుసు?

అందుకే ఫోర్సిత్ గుండ్రటి గుండు వైపు నిలబడ్డాడు. అదే బోరులో గుండ్రటి గుండు పొడుగు గుండు కన్నా తేలిక. దాని వెనక మందు ఎక్కువ పోయవచ్చు. కానీ చిక్కొకటి ఉంది. గాళ్ల మెలి బిగువుగా ఉండి మందు ఎక్కువైతే, మెత్తటి సీసం గాళ్లను పట్టుకోలేక వాటిని దాటుకుని సూటిగా జారిపోతుంది. ఇక తిరగదు, ఎటు పోతుందో తెలియదు. ఎన్‌ఫీల్డ్‌లో మెలి 78 అంగుళాలకు ఒక చుట్టు. ఫోర్సిత్ తన 14 బోరుకు 104 అంగుళాలకు ఒక చుట్టు చాలన్నాడు. గొట్టం పొడవంతా కలిపినా పావు చుట్టు మించి తిరగదు. ఆ చిన్న తిప్పు గుండ్రటి గుండుకు సరిపోయింది, మందు ఎంత పోసినా గుండు గాళ్లను వదల్లేదు. సింహళంలో ఏనుగులను వేటాడిన శామ్యూల్ బేకర్ దగ్గర ఇంకా పెద్దది ఉండేది: మూడు ఔన్సుల గుండు, దాని వెనక పదహారు డ్రాముల మందు. 85 గ్రాములకు 28 గ్రాములు, మూడో వంతు! తుపాకే తొమ్మిదిన్నర కిలోలు.

సీసాన్ని ఎలా ఉంచాలన్నది మరో తగాదా. మెత్తటి సీసం జింక ఒంట్లో విచ్చుకుని పని చేస్తుంది, దున్న భుజం ఎముక మీద రొట్టెలా అణిగిపోతుంది. తగరం కలిపి గట్టిచేస్తే ఎముక దాటుతుంది, చిన్న జంతువులోంచి మాత్రం సూదిలా దూరి అవతలికి పోతుంది. రెండిటికీ ఒకే గుండు లేదు. వేటకు ముందే దేనికోసం పోతున్నామో తేల్చుకోవాలి.

జంట గొట్టాలకు ఇంకో పేచీ. రెండు గొట్టాలను కలిపి అతికేటప్పుడు అవి సమాంతరంగా ఉండవు, ముందువైపు కొద్దిగా దగ్గరవుతాయి. కుడి గొట్టం పేలితే తుపాకి కుడికి తన్నుతుంది. ఆ తన్నును లెక్కలోకి తీసుకునే అతుకుతారు. ఈ లెక్క ఒక గుండుకు, ఒక మందు కొలతకు మాత్రమే సరి. మందు తగ్గిస్తే గుండు గొట్టంలో ఎక్కువసేపుంటుంది, తుపాకి ఎక్కువ పక్కకు తిరుగుతుంది, కుడి గుండు కుడికి, ఎడమది ఎడమకు విడిపోతాయి. ఎక్కువైతే దారులు ఒకదాన్నొకటి దాటుతాయి. కాబట్టి మందు కొలత వేటగాడి ఇష్టం కాదు, తుపాకి అడిగిందే పోయాలి. మరొకటి, ఒక గొట్టం పేల్చిన అదురుకు రెండో గొట్టంలోని గుండు ముందుకు జరగవచ్చు. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఏర్పడితే గొట్టమే చీలుతుంది. అందుకని కడ్డీ వేసి చూసుకునేవాళ్లు.

మా మండలంలో ఒకాయనకు కుడిచేతికి రెండు వేళ్లు లేవు. నాటు తుపాకి చీలింది. ఆ తుపాకికి బోరు లేదు, కొలత లేదు, చేసినవాడికి లెక్క లేదు. యువకులు చదివే పుస్తకం కాబట్టి చెప్పేస్తున్నాను. 1972 చట్టం వచ్చాక అడవి జంతువు వేట నేరం, లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉండటం వేరే నేరం. నేను చెబుతున్నది చదువుకోవడానికే.

ఇప్పుడు అసలు సంగతి. గుండు తప్పుగా ఎంచుకుంటే ఏమవుతుంది? జంతువు చావదు, గాయంతో పొదలోకి పోతుంది. గాయపడ్డ దున్న, గాయపడ్డ పులి వెనక్కి తిరిగి కాచుకుని కూర్చుంటాయి. రక్తపు జాడ పట్టుకుని ఆ పొదలోకి ముందు పోయేది ఎవరు? జాడ తెలిసినవాడు. తుపాకి వెనక ఉంటుంది, కళ్లు నేల మీద పెట్టి నడిచేవాడు ముందుంటాడు. మందు అర డ్రాము తగ్గితే దొరకు పోయేది తల మీది కొమ్ముల అలంకారం, ముందువాడికి పోయేది ప్రాణం. పౌనుకు ఎన్ని గుండ్లని తగాదాపడిన పుస్తకాల్లో ఆ ముందువాడు చాలాచోట్ల 'ఒక గోండు' మాత్రమే. గుండు బరువు గ్రెయిన్లతో సహా ఉంది, మనిషి పేరు లేదు.

మా తాత నిజాం కాలంలో అధికారుల వేటకు అడవి తోలినవాడు, వెట్టిగా. తుపాకి ఎప్పుడూ పట్టలేదు. కానీ గుండు ఎక్కడ తగిలిందో చూడకుండానే చెప్పేవాడట. రక్తం ఎర్రగా, నురగతో ఉంటే ఊపిరితిత్తులు, దూరం పోదు. నల్లగా చిక్కగా ఉంటే కాలేయం, కాసేపు ఆగి పోవాలి. రక్తంలో నమిలిన గడ్డి కనిపిస్తే కడుపు, రోజంతా నడిపిస్తుంది, అదే అన్నిటికన్నా ప్రమాదం. తెగిపడిన వెంట్రుకల రంగు చూసి వీపో పొట్టో చెప్పేవాడట. గుండు ఎముకకు తగిలిన చప్పుడు, కండకు తగిలిన చప్పుడు వేరువేరని మా నాన్న ఆయన దగ్గర విన్నాడు. ఇది గుండుశాస్త్రం కాదా? గుండు గొట్టం దాటేవరకు ఫోర్సిత్ లెక్క, ఒంట్లో దిగిన తరవాతది మా తాత లెక్క. ఒకటి లండన్‌లో అచ్చయింది.

ఇంకొకటి కూడా అనిపిస్తుంది. దొరలు మందు పెంచింది దూరం అంచనా తెలియక. మనవాళ్లు విల్లుతో వేటాడినప్పుడు ఆ దూరాన్నే తగ్గించారు. గాలి చూసి, ఎండుటాకు మీద అడుగు పడకుండా, ఇరవై అడుగుల దాకా పోయారు. అంత దగ్గరకు పోగలిగినవాడికి పదహారు డ్రాముల మందుతో పనేముంది! ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. విల్లు వేట కూడా జంతువును గాయపరిచి వదిలేసేది, ఆ సంగతి మా పెద్దలే చెప్పారు.

1878లో ఇంగ్లిషు ప్రభుత్వం ఒకే ఏడాదిలో రెండు చట్టాలు చేసింది. ఒకటి ఆయుధాలది, ఒకటి అడవులది. తుపాకికి లైసెన్సు, అడవికి రిజర్వు. యూరోపియన్లకు మొదటిదాంట్లో మినహాయింపు. మా ఆదిలాబాద్ నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి చట్టాల పేర్లు, ఏళ్లు వేరు. రిజర్వు గీతలు మాత్రం అక్కడా పడ్డాయి. అదే అడవిలో, అదే జంతువు వెనక, ఒకడు చేసింది షికారు, ఇంకొకడు చేసింది దొంగతనం అయింది. సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఈ రెండు చట్టాలను వేరువేరు పాఠాల్లో చెబుతారు, కలిపి చెబితే బాగుంటుంది.

రెండేళ్లుగా ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. జాడలకు, రక్తం రంగులకు, విరిగిన కొమ్మ వాలుకు గోండీలో ఉన్న మాటలు ముసలివాళ్ల దగ్గర అడిగి తెలుగు లిపిలో రాసుకుంటున్నాను. ఆ మాటలు తెలిసినవాళ్లలో చాలామంది ఎన్నడూ వేటకు పోలేదు, వాళ్ల నాన్నలు పోయారు. కొన్ని మాటలకు ఇద్దరు ముసలివాళ్లు రెండు అర్థాలు చెప్పారు, రెండూ రాశాను. తిర్యాణి వైపు ఊళ్లు ఇంకా మిగిలాయి. వానలు తగ్గాక పోవాలి.