ఒలింపియా పరుగుబాట

బాబాయిగారూ,

అమ్మ, మీ కోడలు, పిల్లలతో కలిసి గ్రీసులోని ఒలింపియా చూసి వచ్చాం. క్రీస్తుపూర్వం 776 నుంచి లెక్కకట్టే ఒలింపిక్ పోటీలు జరిగింది ఇక్కడే. ఏటి ఒండ్రు కింద పూడిపోయిన ఈ చోటును 1875 నుంచి జర్మన్లు తవ్వి తీశారు.

స్టేడియానికి వెళ్ళే దారిలో ఎడమపక్కన వరసగా రాతి దిమ్మెలున్నాయి. ఒకప్పుడు వాటిమీద జ్యూస్ దేవుడి కంచు విగ్రహాలుండేవి. అవి భక్తులిచ్చిన కానుకలు కావు, పోటీలో మోసం చేసి పట్టుబడ్డవాళ్ళ జరిమానా డబ్బుతో పోయించినవి. క్రీ.పూ. 388లో యూపోలస్ అనే ముష్టియోధుడు ముగ్గురు ప్రత్యర్థులకు లంచమిచ్చాడు. ఇచ్చినవాడికీ, పుచ్చుకున్నవాళ్ళకీ కూడా జరిమానా పడింది. మొదటి ఆరు విగ్రహాలూ ఆ డబ్బుతో లేచినవే. పోటీకి దిగబోయే కుర్రాడు వాటి ముందునుంచే నడిచి వెళ్ళాలి! ఒలింపియా మొత్తంలో నా మనసుకు బాగా పట్టింది ఈ ఏర్పాటే.

దిమ్మెలు దాటితే రాతి సొరంగం. దాని కప్పులో కొంత ముక్కే మిగిలింది. అవతల ఒక్కసారిగా వెలుతురు, మైదానం. 40 వేలమంది పట్టే చోటు, మెట్లు మాత్రం లేవు. చుట్టూ చెరువుగట్టులా గడ్డి మొలిచిన వాలు. జనం నడివేసవి ఎండలో ఆ నేలమీదే ఉండి చూసేవారు. దక్షిణపు వాలులో న్యాయనిర్ణేతలకు మాత్రం రాతి వేదిక కట్టారు.

డ్రిల్లు మాస్టారుగా ఇన్నేళ్ళు పిల్లల్ని పరుగెత్తించారు కదా, మీరుంటే పరుగు మొదలయ్యే గీత దగ్గరనుంచి కదిలేవారు కాదు. నేలకు అడ్డంగా పరిచిన రాళ్ళలో రెండు గాళ్ళు చెక్కారు, మధ్య జానెడు ఎడం కూడా లేదు. ఒక పాదం వేళ్ళు ముందు గాడిలో, రెండో పాదం వేళ్ళు వెనక గాడిలో ఆనించి, నిలబడే బయల్దేరేవారట. 20 మంది పక్కపక్కన నిలబడొచ్చు. పాప చెప్పులు విప్పి వేళ్ళు ఆనించింది. చిన్నాడు ఈల వేసి తనూ పరుగు అందుకున్నాడు. అవతలి రాళ్ళదాకా 192 మీటర్లు. పాపే ముందు చేరింది.

పెళ్ళయిన ఆడవాళ్ళు ఈ పోటీలు చూడకూడదట. డిమీటర్ దేవత పూజారిణి ఒక్కర్తెకే మినహాయింపు. ఆవిడ కూర్చుని చూసిన పాలరాతి బలిపీఠం ఉత్తరపు వాలులో ఉంది. అమ్మకు ఇది మింగుడుపడలేదు. అయితే హీరా దేవి పేర కన్నెపిల్లలకు ఇదే మైదానంలో విడిగా పందేలుండేవి. దూరంలో ఆరోవంతు తగ్గించేవారు. జుట్టు విరబోసుకుని, మోకాళ్ళ పైకుండే అంగీలతో పరుగెత్తేవారని క్రీ.శ. రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసానియాస్ రాశాడు. గెలిచిన పిల్లకు ఆలివ్ కొమ్మల కిరీటం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మగవాళ్ళ షాట్‌పుట్‌తో పాటు ఆడవాళ్ళ షాట్‌పుట్ కూడా ఇక్కడే పెట్టారని చెప్పాక గానీ అమ్మ శాంతించలేదు.

మ్యూజియంలో 143 కిలోల పైచిలుకు రాయి ఒకటుంది. బైబాన్ అనేవాడు ఒంటిచేత్తో దాన్ని తలమీదుగా విసిరాడని ఆ రాతిమీదే చెక్కారు. అదెలా కుదురుతుందని చిన్నాడు రెండుపూటలా అడుగుతున్నాడు. వాడికి మీరే జవాబు రాయాలి.