జామచెట్టా, తోటకూరా?

ఇంటి ముందు పది గజాల జాగా ఉంది, ఏం వేయమంటారని మా విద్యార్థులు అడిగారు. తోటకూర చల్లితే నెలలోపే కోతకొస్తుంది. అంటు జామ కాపు పట్టాలంటే రెండు మూడేళ్లు కావాలి. అన్నాళ్లూ ఆ జాగా తమ చేతిలోనే ఉంటుందన్న భరోసా ఉన్నవాళ్లే చెట్టు నాటుతారు.

మా నాయనమ్మ గుడిసె పరాయి జాగాలో ఉండేది. ఆసామి ఆకుకూరలకు అడ్డు చెప్పలేదు, చెట్టు మాత్రం నాటనీయలేదు. చెట్టు వేళ్లూనుకున్నాక మనిషిని లేపటం కష్టమని ఆయనకు తెలుసు.

1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. అయినా ఎన్నో ఎకరాలు దళితుల చేయి జారిపోయాయి. పట్టా కాగితం ఒక్కటే చాలదు, భూమి మీద మనం కనపడాలి.

మిత్రులారా, తోటకూర ఈ నెల కూరకి. జామ, మనం ఇక్కడే ఉంటామని చెప్పటానికి. ఓ మూల జామ నాటండి. దాని నీడ కమ్మేదాకా పక్కనే తోటకూర చల్లుకోండి.